స్కాటిష్ కప్ మ్యాచ్‌కు ఒక రోజు: డ్రా నుంచి తిరుగు రైలు దాకా

చదువుకో ఉద్యోగానికో స్కాట్లాండ్ వచ్చిన మనవాళ్లకు ఫుట్‌బాల్ మ్యాచ్ చూడాలనిపిస్తే ముందు నోట్లోకి వచ్చే పేర్లు సెల్టిక్, రేంజర్స్. ఆ రెండింటి టికెట్ దొరకడమే గగనం. దొరికినా వేలాది మందిలో ఎక్కడో పై వరసలో కూర్చుని, ఆటగాళ్ల మొహాలు తెరమీదే చూస్తారు. నన్నడిగితే మొదటి మ్యాచ్‌గా స్కాటిష్ కప్ ఎంచుకోండి, అంటే చిన్నా పెద్దా క్లబ్బులన్నీ కలిసి ఆడే, ఓడితే ఇంటికి పోయే టోర్నీ. అందులోనూ గ్లాస్గోలోని పెద్ద మైదానం హాంప్డెన్‌లో జరిగే ఫైనల్ వద్దు. నవంబరు చివర్లో వచ్చే మూడో రౌండో, జనవరిలో వచ్చే నాలుగో రౌండో, ఒక చిన్న క్లబ్బు సొంత మైదానంలో చూడండి. గోల్‌కీపర్ తన డిఫెండర్లను తిట్టే తిట్లు కూడా మీ చెవిన పడతాయి.

ఈ కప్ 1873-74లో మొదలైంది. టోర్నీగా చూస్తే ఇంగ్లండ్ వాళ్ల ఎఫ్‌ఏ కప్ దీనికంటే రెండేళ్లు పెద్దది. ట్రోఫీగా చూస్తే మాత్రం ఇదే పాతది. ఇంగ్లండ్ వాళ్ల మొదటి కప్పును 1895లో బర్మింగ్‌హామ్‌లోని ఒక దుకాణం అద్దాల వెనక నుంచి దొంగలు ఎత్తుకుపోయారు. ఈ సంగతి పబ్బులో ఎవరితోనైనా అంటే మీతో మాట కలపడానికి నలుగురు సిద్ధంగా ఉంటారు.

డ్రా చూసి మ్యాచ్ ఎంచుకోండి

కప్పులో ఏ మ్యాచ్ ఎక్కడన్నది డ్రా, అంటే చీటీల్లా పేర్లు తీయడం, తేలుస్తుంది. పెద్ద జట్లను విడివిడిగా ఉంచే ఏర్పాటేమీ లేదు. ఏ పేరు ముందు బయటికొస్తే మైదానం వాళ్లది. దేశంలోని పై అంచె, అంటే 12 జట్ల ప్రీమియర్‌షిప్, నాలుగో రౌండ్‌లో దిగుతుంది. అప్పటికి కింది అంచెల జట్లు సెప్టెంబరుకు ముందు నుంచే ఒకదాన్నొకటి ఇంటికి పంపుకుంటూ వస్తుంటాయి. ఉదయం వేరే ఉద్యోగం చేసుకుని సాయంత్రం సాధన చేసే కుర్రాళ్లకు, లక్షల జీతాల ఆటగాళ్లకు ముఖాముఖి పడేది ఇక్కడే.

ఇక్కడ కొమ్ములు తిరిగిన జట్లు కూడా బోల్తా పడతాయి. 2000లో ఇన్వర్‌నెస్ జట్టు సెల్టిక్‌ను వాళ్ల సొంత గడ్డ మీదే 3-1తో ఓడించింది. 2023 జనవరి 23న ఆరో అంచెలో ఆడే డార్వెల్ అనే ఊరి జట్టు ప్రీమియర్‌షిప్ జట్టు అబెర్డీన్‌ను 1-0తో ఇంటికి పంపింది. 2025 ఫిబ్రవరిలో రేంజర్స్ సొంత మైదానం ఐబ్రాక్స్‌లో క్వీన్స్ పార్క్ 1-0తో వాళ్లను కొట్టింది, చివరి నిమిషాల్లో వచ్చిన పెనాల్టీని వాళ్ల కీపర్ ఆపేశాడు. ఆ క్వీన్స్ పార్కే 1874లో మొట్టమొదటి కప్ గెలిచిన జట్టు. 2019 దాకా ఆటగాళ్లకు జీతమే ఇవ్వని క్లబ్బు.

కాబట్టి డ్రా పట్టిక ముందు పెట్టుకుని రెండు ప్రశ్నలు వేసుకోండి. మైదానం చిన్న జట్టుదేనా? రైలు దిగి నడిచి వెళ్లగలిగేంత దగ్గరా? రెండింటికీ అవునంటే అదే మీ మ్యాచ్. టీవీ వాళ్లు ఎంచుకున్న మ్యాచ్‌లు శుక్రవారం రాత్రికో ఆదివారానికో సోమవారానికో మారతాయి. డ్రా రోజే రైలు టికెట్ కొనేయకండి, సమయం ఖరారయ్యేదాకా ఆగండి.

ఇక్కడి నుంచి ఉదాహరణకు తూర్పు తీరంలోని అర్బ్రోత్ తీసుకుంటాను. వాళ్ల గేఫీల్డ్ మైదానం గోడ అవతలే ఉత్తర సముద్రం. యూరప్‌లో సముద్రానికి ఇంత ఆనుకుని ఉన్న మైదానం ఇంకొకటి లేదని వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. గాలి బలంగా ఉన్న రోజు గోడ దాటి నీటి తుంపర స్టాండ్ మీద పడుతుంది. 1885 సెప్టెంబరు 12న ఇదే ఊళ్లో అర్బ్రోత్ జట్టు బాన్ అకార్డ్‌ను 36-0తో ఓడించింది. అందులో 13 గోల్స్ 18 ఏళ్ల జాన్ పెట్రీవి. అదే రోజు అక్కడికి దగ్గర్లోని డండీలో డండీ హార్ప్ 35-0తో గెలిచింది. పాపం, ఇంకొక్క గోల్ కొట్టి ఉంటే రికార్డు పంచుకునేవాళ్లు.

ఎవరి వైపు, ఏ రంగు

తటస్థంగా వెళ్లినా నిలబడేది ఎవరో ఒకరి వైపే. చిన్న క్లబ్బు వైపు నిలబడండి, ఎవరూ ఏమీ అడగరు. ఎదుటి జట్టు గోల్ కొడితే మాత్రం చేతులు జేబులో పెట్టుకోండి. సొంత జట్టు స్టాండ్‌లో ఉండి ఎదుటివాళ్ల గోల్‌కు గంతులేస్తే స్టీవార్డు, అంటే జనాన్ని చూసుకునే మైదానం మనిషి, వచ్చి బయటికి పంపుతాడు, అదీ మీ మంచికే.

రంగుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. గ్లాస్గోలో ఆకుపచ్చ అంటే సెల్టిక్, నీలం అంటే రేంజర్స్. ఆ రెంటి మధ్య గొడవ ఆటతో ఆగదు, మతం, ఐర్లండ్ రాజకీయం దాకా పోతుంది. ఎడిన్‌బరోలో హార్ట్స్‌ది మెరూన్, హిబ్స్‌ది ఆకుపచ్చ. మనకు ఇష్టమని వేసుకున్న స్వెటర్ అక్కడ ఇంకేదో చెబుతుంది. నలుపో బూడిదో వేసుకుంటే ఏ బాధా లేదు. సొంత జట్టు మఫ్లర్ ఒకటి క్లబ్బు దుకాణంలో కొనుక్కోండి, డబ్బు క్లబ్బుకే పోతుంది. సగం ఒక జట్టు, సగం ఇంకో జట్టు ఉండే మఫ్లర్లు బయట అమ్ముతుంటారు. అది మెడలో వేసుకున్నారంటే పర్యాటకులని చాటింపు వేసుకున్నట్టే.

టికెట్

చిన్న క్లబ్బుల మ్యాచ్‌లకు ఆ క్లబ్బు వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. కొన్నిచోట్ల గేటు దగ్గరే డబ్బు కట్టి లోపలికి పోవచ్చు. పెద్ద జట్టు వస్తే కథ వేరు: ముందుగా కొన్నవాళ్లకే ప్రవేశం, సీజన్ టికెట్ ఉన్నవాళ్లకు మొదటి వంతు, మిగిలితే అందరికీ. అలాంటప్పుడు వారం ముందే క్లబ్బు ప్రకటన చూసుకోండి. విద్యార్థి రాయితీ ఉంటే గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోండి. బయటి జట్టు అభిమానుల టికెట్లు ఆ జట్టు ద్వారానే అమ్ముతారు, వాటి జోలికి పోవద్దు. సోషల్ మీడియాలో తెలియనివాళ్లు అమ్మే టికెట్లూ వద్దు.

కార్డు దాదాపు అన్నిచోట్లా నడుస్తుంది. అయినా 20 పౌండ్ల నోటొకటి జేబులో ఉండనివ్వండి, విరామంలో జరిగే లాటరీ టికెట్లు అమ్మే పెద్దాయన దగ్గర యంత్రం ఉండకపోవచ్చు.

ముందు రోజు రాత్రి: వాతావరణం, బట్టలు

జనవరి కప్ మ్యాచ్‌కు అసలు శత్రువు మంచు. పిచ్ గడ్డకడితే, నీళ్లు నిలిస్తే రిఫరీ వచ్చి చూసి వాయిదా వేస్తాడు. 1979లో ఇన్వర్‌నెస్ థిసిల్, ఫాల్కిర్క్ మధ్య మ్యాచ్ 29 సార్లు వాయిదా పడింది! ఇప్పుడంత ఘోరం ఉండదు కానీ, మ్యాచ్ రోజు ఉదయం లేవగానే క్లబ్బు సోషల్ మీడియా ఖాతా చూడండి. 'పిచ్ తనిఖీ' అన్న మాట కనబడితే ఫలితం తెలిసేదాకా ఇంట్లోంచి కదలొద్దు. ఊరు చేరాక వాయిదా పడిందని తెలిస్తే రైలు ఖర్చు ఎవరూ తిరిగివ్వరు.

బట్టల విషయంలో మనవాళ్లు తప్పేది పైన కాదు, కింద. మందపాటి కోటు వేసుకుని పలచటి స్పోర్ట్స్ షూతో వస్తారు. నిలబడి చూసే స్టాండ్‌లో కాంక్రీటు మీద రెండు గంటలుంటే చలి పాదాల నుంచి ఎక్కుతుంది. రెండు జతల సాక్సులు, అందులో ఒకటి ఉన్నిది, అడుగు మందంగా ఉన్న బూట్లు. ఒంటికి థర్మల్, మీద స్వెటర్, ఆ పైన నీళ్లు లోపలికి రాని జాకెట్. టోపీ, చేతి తొడుగులు తప్పవు. గొడుగు మాత్రం తీసుకెళ్లొద్దు. వెనకున్నవాళ్లకు అడ్డం, పైగా అర్బ్రోత్ గాలికి అది నిమిషం నిలవదు. పెద్ద సంచి కూడా ఇంట్లోనే వదిలేయండి, చాలాచోట్ల లోపలికి రానివ్వరు.

ప్రయాణం

మామూలు కప్ మ్యాచ్ శనివారం మధ్యాహ్నం 3 గంటలకు. అర్బ్రోత్ ఎడిన్‌బరో-అబెర్డీన్ రైలు మార్గం మీద ఉంది, డండీ నుంచి ఇరవై నిమిషాల ప్రయాణం. గ్లాస్గో వాళ్లు క్వీన్ స్ట్రీట్ స్టేషన్‌లో ఎక్కాలి, సెంట్రల్‌లో కాదు. స్కాట్‌రైల్‌లో రద్దీ వేళల అదనపు చార్జీ 2025 సెప్టెంబరు నుంచి తీసేశారు, కాబట్టి ఏ పూట ఎక్కినా ఒకటే ధర. రైల్‌కార్డు ఉంటే అందులోనూ మూడో వంతు తగ్గుతుంది. 22 ఏళ్లలోపు వాళ్లు కార్డు తీసుకుంటే స్కాట్లాండ్‌లో బస్సులు ఉచితం.

పదకొండున్నర, పన్నెండుకల్లా ఊళ్లో దిగేలా చూసుకోండి. తిరుగు రైలు ఎంచుకునేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఇప్పుడు కప్పులో రీప్లేలు, అంటే సమమైతే ఇంకో రోజు మళ్లీ ఆడటం, లేవు, ఆ రోజే తేలిపోవాలి. మూడింటికి మొదలైన ఆట మామూలుగా అయిదుకు అయిదు నిమిషాల ముందు ముగుస్తుంది. సమం అయితే ఇంకో అరగంట ఆట, అయిదున్నర. అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు, పావు తక్కువ ఆరు. అయిదుంబావు రైలుకు టికెట్ కొనుక్కుని, పెనాల్టీల ముందు స్టేషన్‌కు పరుగెత్తేవాణ్ని చూస్తే శత్రువుకైనా జాలేస్తుంది. ఏ రైలైనా ఎక్కగలిగే టికెట్ తీసుకోండి. ఆఖరి రైలు ఎప్పుడో కూడా చూసుకోండి.

ఆటకు ముందు ఊళ్లో

అర్బ్రోత్‌లో దిగితే ముందు రేవు వైపు నడవండి. అక్కడ దొరికే స్మోకీ కోసం. హాడక్ చేపలను రెండేసి తోకలు కట్టి, కర్ర మీద వేలాడదీసి, కింద గట్టి కట్టెల నిప్పు పెట్టి, పైన గోనెపట్టా కప్పి పొగలో ఉడికిస్తారు. అర్బ్రోత్ నుంచి 8 కిలోమీటర్ల లోపు చేసిందాన్నే ఆ పేరుతో అమ్మాలని 2004 నుంచి నిబంధన ఉంది. వేడిగా ఉన్నప్పుడు కాగితం మీద పెట్టించుకుని, వేలితో వెన్ను ముల్లు ఒక్క లాగు లాగితే రాగి రంగు తోలు నుంచి కండ రేకులు రేకులుగా ఊడి వస్తుంది. మన ఎండు చేపల వాసనకు అలవాటుపడ్డ ముక్కులకు ఇది కొత్తేమీ కాదు. ఆట అయ్యాక తిందాం అనుకుంటే దుకాణాలు మూసేస్తారు, ముందే తినండి.

అక్కణ్నుంచి మైదానానికి నడకే. దారిలో పబ్బులు ఉంటాయి. తలుపు దగ్గర 'సొంత జట్టు అభిమానులకే' అని రాసి ఉంటే మరో పబ్బు చూసుకోండి. ఇక్కడ మద్యం గురించి ఒక చట్టం తెలియాలి. 1980 ఫైనల్ అయ్యాక హాంప్డెన్ మైదానంలోనే సెల్టిక్, రేంజర్స్ అభిమానులు కొట్టుకున్నారు, గుర్రాల మీద పోలీసులు దిగాల్సి వచ్చింది. ఆ తర్వాత వచ్చిన చట్టం ఇప్పటికీ ఉంది. స్టాండ్‌లో బీరు అమ్మరు, బయటి నుంచి సీసా తేవడం నేరం, మత్తులో తూలుతూ గేటు దగ్గరికి రావడమూ నేరమే. అభిమానులు కిరాయికి మాట్లాడుకున్న బస్సుల్లో కూడా తాగకూడదు. ఖరీదైన హాస్పిటాలిటీ టికెట్ కొన్నవాళ్లకు మాత్రం లోపల వైన్ పోస్తారు. ఈ తేడా మీద ఇక్కడివాళ్లు గొణగని రోజుండదు, నాకూ వాళ్ల గొణుగుడే సబబనిపిస్తుంది.

గేటు లోపల

రెండుంబావుకల్లా లోపల ఉండండి. గేటంటే సన్నటి ఇనుప తిరుగుడు గేటు, లావుపాటి జాకెట్‌తో అడ్డంగా దూరాలి. లోపల ముందు ప్రోగ్రామ్ పుస్తకం కొనండి, ఆటగాళ్ల పేర్లు, నంబర్లు దాంట్లో ఉంటాయి. విరామ లాటరీ టికెట్ కూడా ఒకటి తీసుకోండి. ఇలాంటి క్లబ్బుల్లో ఇవి అమ్మేవాళ్లలో చాలామంది జీతం లేకుండా పనిచేసే ఊరివాళ్లే.

గేఫీల్డ్‌లో సముద్రం గాలి వెనక నుంచి కొట్టేచోట నిలబడండి, ముఖానికి కొట్టేచోట కాదు. బయటి అభిమానులు తక్కువగా ఉండి మధ్యలో కంచె పెట్టని రోజైతే ఒక పాత ఆచారం చూస్తారు. విరామంలో అభిమానులంతా లేచి మైదానం చుట్టూ నడిచి అవతలి గోల్ వెనక్కి చేరతారు. తమ జట్టు ఏ గోల్ మీద దాడి చేస్తుంటే దాని వెనకే ఉండాలని. మీరూ వాళ్లతో నడవండి, ఒళ్లు వేడెక్కుతుంది. పెద్ద జట్టు వచ్చి పోలీసులు రెండు వర్గాలను విడదీసిన రోజు ఇది కుదరదు.

ఇక తిండి. ఇక్కడ ఆటంటే స్కాచ్ పై తినాల్సిందే. అరచేతిలో పట్టేంత గుండ్రటి గట్టి పిండి గిన్నె, లోపల మిరియాలు దట్టించిన ఖీమా. సంప్రదాయంగా మటన్, కానీ ఇప్పుడు బీఫ్ కూడా మామూలే. మూత పిండి లోపలికి ఒక సెంటీమీటరు దిగి ఉంటుంది, ఆ గుంటలో గోధుమరంగు సాస్ పోసుకుంటారు. పొరపాటున మధ్యలో కొరికితే వేడి కొవ్వు మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి పాకుతుంది. అంచు దగ్గర మొదలుపెట్టి, ముందు ఆవిరి పోనిచ్చి, కాస్త ముందుకు వంగి తినండి. దాంతో తాగే బోవ్రిల్ బీఫ్ సారమే, కప్పులో చూస్తే నల్ల టీ లాగే ఉంటుంది, మోసపోకండి. శాకాహారులకు మాకరోనీ పై ఉంటుంది: అదే పిండి గిన్నెలో చీజ్, మాకరోనీ. దాని పిండిలో జంతువుల కొవ్వు కలపొచ్చు, బయట చిప్స్ వేయించే నూనె కూడా కొన్నిచోట్ల బీఫ్ కొవ్వే. పట్టింపున్నవాళ్లు అడిగి తినండి, అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. ఏదీ కుదరకపోతే నారింజ రంగు ఐరన్ బ్రూ కూల్‌డ్రింక్ సీసా, ఒక చాక్లెట్.

పై కోసం విరామం దాకా ఆగితే విరామమంతా క్యూలోనే గడుస్తుంది. 40వ నిమిషంలోనే వెళ్లిపోండి. ఆ అయిదు నిమిషాల్లో గోల్ పడితే మీ అదృష్టం అంతే.

ఆట నడుస్తుండగా

చిన్న మైదానాల్లో వీడియో చూసి రిఫరీ నిర్ణయాన్ని సరిచేసే వీఏఆర్ ఉండదు, పెద్ద తెర ఉండదు. గోల్ పడితే ఎవరు కొట్టారో పక్కవాణ్ని అడగాలి, ఆఫ్‌సైడో కాదో పక్కవాడే తేలుస్తాడు. ఇంతకంటే మంచి పరిచయ మార్గం లేదు. బూతులు మాత్రం ధారాళంగా వినిపిస్తాయి. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు కుటుంబాల కోసం వేరుగా ఉంచిన చోటుంటే అక్కడ కూర్చోండి. రిఫరీని తిట్టడం ఒకటి, రంగు గురించో జాతి గురించో అనడం మరొకటి. రెండోది నేరం. మీ మీదికి అలాంటి మాట వస్తే వాదనకు దిగకుండా దగ్గర్లోని స్టీవార్డుకు వరస నంబరు చెప్పండి.

మన రంగువాళ్లకు ఈ ఆటలో చోటు కొత్తగా వచ్చిందేమీ కాదు. బ్రిటిష్ గయానాలో పుట్టిన నల్లజాతి ఆటగాడు ఆండ్రూ వాట్సన్ 1881లో స్కాట్లాండ్‌కు కెప్టెన్‌గా ఇంగ్లండ్‌ను 6-1తో ఓడించాడు, క్వీన్స్ పార్క్ తరఫున ఈ కప్పూ గెలిచాడు. 1936లో కలకత్తా నుంచి వచ్చిన మహమ్మద్ సలీం బూట్లు లేకుండా, పాదాలకు కట్లు కట్టుకుని సెల్టిక్ రిజర్వ్ జట్టుకు ఆడాడు. మొదటిసారి వెళ్లేటప్పుడు టెన్షన్‌గా ఉంటే ఈ ఇద్దర్నీ తలుచుకోండి.

శీతాకాలంలో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. మొదటి సగం మసక వెలుతురులో, రెండో సగం ఫ్లడ్‌లైట్ల కింద చూస్తారు. ఫోన్ బ్యాటరీ చలికి తొందరగా దిగిపోతుంది, తిరుగు టికెట్ అందులోనే ఉంటే దాన్ని లోపలి జేబులో పెట్టుకోండి.

అయినా హాంప్డెన్‌కే వెళ్తామంటే

సెమీఫైనల్స్ ఏప్రిల్‌లో, ఫైనల్ మేలో, రెండూ గ్లాస్గోలోని హాంప్డెన్ పార్క్‌లోనే. ఇప్పుడు దాదాపు 52 వేల సీట్లు. 1937 ఫైనల్‌లో సెల్టిక్, అబెర్డీన్ ఆట చూడటానికి లక్షా 45 వేలకు మించి వచ్చారు. గ్లాస్గో సెంట్రల్ నుంచి మౌంట్ ఫ్లోరిడాకు రైల్లో పది నిమిషాలు, తిరిగొచ్చేటప్పుడు మాత్రం అదే స్టేషన్ బయట గంటసేపు క్యూ. నడిచే ఓపికుంటే ఊళ్లోకి నడిచి పోవడమే నయం. గోల్ వెనక సీట్లు కొనకండి. కోడిగుడ్డు ఆకారంలో కట్టిన మైదానం కాబట్టి అక్కణ్నుంచి గోల్ చాలా దూరం, వాలు కూడా తక్కువ. డబ్బు కాస్త ఎక్కువైనా పక్క స్టాండే మేలు.

అదే భవనంలో స్కాటిష్ ఫుట్‌బాల్ మ్యూజియం ఉంది, అసలు కప్పు అక్కడే అద్దం వెనక ఉంటుంది. మ్యాచ్ రోజు కాకుండా ఇంకో రోజు వెళ్లి చూడండి.

ఫైనల్‌కు వెళ్లాల్సిన సంవత్సరం ఏదన్నది ఎవరూ చెప్పలేరు. హిబ్స్ అభిమానులు 1902 తర్వాత 114 ఏళ్లు ఆగారు. 2016లో రేంజర్స్ మీద 90 నిమిషాలు దాటాక రిఫరీ కలిపిన నిమిషాల్లో డేవిడ్ గ్రే తలతో కొట్టిన గోల్‌తో 3-2గా గెలిచాక, గడ్డి మీదికి దూకనివాళ్లే తక్కువ. 2025లో అబెర్డీన్ పెనాల్టీల్లో సెల్టిక్‌ను ఓడించింది, 1990 తర్వాత వాళ్లకిదే మొదటిది. గడ్డి మీదికి దిగడం మాత్రం మీరు చేయకండి. వీసా మీద ఉన్నవాళ్లు ఒక్క క్షణం ఆనందం కోసం పోలీసు కేసు నెత్తికి తెచ్చుకోకూడదు.

మీరు చూసిన చిన్న జట్టు గెలిస్తే తర్వాతి రౌండ్ డ్రా ఎప్పుడో అదే సాయంత్రం రైల్లోనే చూసుకోండి. మళ్లీ సొంత మైదానం వస్తే టికెట్లు ఈసారి త్వరగా అయిపోతాయి, పెద్ద జట్టు మైదానానికి వెళ్లాల్సి వస్తే క్లబ్బు బస్సులో చోటుందేమో ముందే అడగండి.